గుంటూరు మిర్చి: చైనాకా, యూరప్‌కా?

గుంటూరు మిర్చిలో చైనాకు ఎగుమతయ్యేది ఎక్కువగా తేజ రకం. అక్కడ కాయలోని ఘాటు సారాన్ని వేరుచేయడానికీ, మరిగే పులుసులో ముక్కలు ఉడికించుకునే హాట్‌పాట్ వంటలకూ వాడతారు. మిర్చి యార్డులో లాట్లు కొని, తాలు, తొడిమలు ఏరించి కంటైనర్ త్వరగా నింపొచ్చు. కానీ కొనేవాళ్లు ఒక్కసారి వెనక్కి తగ్గితే ధర కూలిపోతుంది, నష్టం నేరుగా రైతుకే.

యూరప్ దారి వేరు. బూజు వల్ల పుట్టే విషాలైన అఫ్లాటాక్సిన్లలో బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్నీ కలిపి 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రత్యేక పరిమితి లేని పురుగుమందు అవశేషాలకు కిలోకు 0.01 మిల్లీగ్రామే హద్దు. అందుకే యార్డు సరుకు ఇక్కడ పనికిరాదు: ఎవరి పొలంలో ఏ మందు కొట్టారో తెలియదు. రైతులతో ముందే ఒప్పందం చేసుకుని, పిచికారీల వివరాలు రాయించాలి. కాయను టార్పాలిన్ పట్టాలపై ఆరబెట్టి తేమను 10-11 శాతానికి దించాలి. కాయ విరగకుండా నీళ్లు చల్లే అలవాటే పెద్ద శత్రువు. ఆ తడికే బూజు పడుతుంది. బూజు అక్కడక్కడే ఉంటుంది కాబట్టి ఒక్క బస్తా నమూనా చాలదు, చాలా బస్తాల నుంచి తీసి కలిపి పరీక్షించాలి. సూక్ష్మజీవులను చంపే ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేస్తే యూరప్ తిప్పి పంపుతుంది, దానికి బదులు ఆవిరి శుద్ధి ఒక మార్గం.

కొత్త ఎగుమతిదారులు చైనా అమ్మకాలు సాగిస్తూనే, పాతిక మంది రైతులతో యూరప్ లాట్ విడిగా మొదలుపెట్టడం మంచిది. రెండు సరుకులనూ ఒకే గోదాములో కలపొద్దు.