సైకోపీజీ 3: కొటేషన్ల బెడద తీరింది, ఖాళీల పని మిగిలింది

పైథాన్ నుంచి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోకి డేటా ఎక్కించేవాళ్లకి సైకోపీజీ అనే లైబ్రరీ కొత్తేం కాదు. 2021లో వచ్చిన 3వ వెర్షన్ ఇన్సర్ట్‌ల (టేబుల్‌లో కొత్త వరసలు చేర్చడం) దగ్గర ఎలా ఉందో చూద్దాం.

కొటేషన్ల విషయంలో వంక పెట్టేందుకేమీ లేదు. ఎఫ్-స్ట్రింగ్‌తో, అంటే విలువల్ని నేరుగా వాక్యంలో అతికించి క్వెరీ అల్లితే డి'సౌజా లాంటి పేరు తగలగానే ‘డి’ దగ్గరే స్ట్రింగ్ ముగిసిపోయి సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. చేత్తో రాసేటప్పుడైతే 'డి''సౌజా' అని సింగిల్ కోట్‌ని రెండుసార్లు కొట్టాలి. సైకోపీజీలో వాల్యూస్ (%ఎస్, %ఎస్) అని రాసి, విలువల్ని టపుల్‌లో (బ్రాకెట్లలోని జాబితా) విడిగా ఇస్తే చాలు. అవి క్వెరీలో కలవకుండా సర్వర్‌కి వేరుగా వెళ్తాయి, ఇంజెక్షన్ (విలువ రూపంలో ఎవరైనా ఎస్‌క్యూఎల్ ఆదేశం దూర్చడం) భయమూ ఉండదు. అంకె అయినా తేదీ అయినా %ఎస్ ఒక్కటే. దాని చుట్టూ కోట్స్ పెట్టారో, పని చెడుతుంది. విలువ ఒక్కటే ఉంటే టపుల్‌లో చివరి కామా మరవొద్దు. కాలమ్ పేర్లని మాత్రం ఇలా పంపలేం. వాటికి సైకోపీజీ ఎస్‌క్యూఎల్ మాడ్యూల్‌లోని ఐడెంటిఫయర్ ఉంది, డబుల్ కోట్స్ అదే పెట్టుకుంటుంది.

అసలు తంటా ఖాళీలతోనే. పైథాన్ నన్ (None, విలువ లేదని) ఇస్తే డేటాబేస్‌లో నల్ (NULL) అవుతుంది, అంతవరకే దాని బాధ్యత. సీఎస్‌వీ రీడర్ ఖాళీ గడిని ఖాళీ స్ట్రింగ్‌గా ఇస్తుంది. ఇంటీజర్ కాలమ్ అయితే ఎర్రర్ కొట్టి ఆగుతుంది, అదే నయం. టెక్స్ట్ కాలమ్‌లోకి గుట్టుగా దూరిపోతుంది, తర్వాత ఈజ్ నల్ అని ఎంత వెతికినా దొరకదు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఖాళీ స్ట్రింగూ నల్లూ ఒకటే కాబట్టి అక్కణ్ణుంచి వచ్చినవాళ్లు ఇక్కడ బోల్తా పడతారు.

డేటా పట్టికల లైబ్రరీ పాండాస్‌లోని నాన్ (NaN, ‘సంఖ్య కాదు’ అనే గుర్తు) ఇంకా మొండిది. మార్కుల కాలమ్ న్యూమరిక్ అయితే నాన్ నాన్‌గానే కూర్చుంటుంది. ఒక్కటున్నా సగటు మొత్తం నాన్. పైగా పోస్ట్‌గ్రెస్ దాన్ని అన్ని సంఖ్యలకన్నా పెద్దదిగా లెక్కేస్తుంది. డిసెండింగ్‌లో పేర్చితే పరీక్షకే రాని పిల్లాడికి ఫస్ట్ ర్యాంకు, నల్స్ లాస్ట్ పెట్టినా కదలడు! డేటాఫ్రేమ్‌ని (పాండాస్ పట్టికని) ముందు యాస్‌టైప్‌తో ఆబ్జెక్ట్‌గా మార్చి, ఆ తర్వాతే వేర్‌తో నన్ నింపాలి. వరస తిరగేస్తే ఫ్లోట్ కాలమ్‌లో నన్ మళ్లీ నాన్ అయిపోవచ్చు.

కాలమ్‌కి డిఫాల్ట్ (ఏమీ ఇవ్వకపోతే పడే విలువ) ఉన్నా సరే, నన్ పంపితే పడేది నల్లే. డిఫాల్ట్ కావాలంటే ఇన్సర్ట్ జాబితాలోంచి ఆ కాలమ్‌నే తీసెయ్యాలి. సైకోపీజీ 2 నుంచి మారేవాళ్లు ఇంకొకటి సరిచూసుకోండి: ఈజ్ %ఎస్ ఇక నడవదు, ఈజ్ నాట్ డిస్టింక్ట్ ఫ్రమ్ %ఎస్ అని రాయాలి.