పాత 486, 33.6 మోడెమ్, మధ్యలో ఒక చిప్పు: అయిదేళ్లు వాడాక

1997లో మా 486 కంప్యూటర్‌కి సెకనుకు 33.6 కిలోబిట్ల ఎక్స్‌టర్నల్ మోడెమ్ తగిలించిన కొత్తలో ఫోన్ లైన్‌నే తిట్టుకున్నాను. కనెక్షన్ చక్కగా దొరికేది. ఫైలు దింపడం మొదలుపెడితే మాత్రం ఫైళ్లు దింపే జడ్‌మోడెమ్ తెరమీద సీఆర్‌సీ ఎర్రర్లు (వచ్చిన డేటా చెడిందన్న హెచ్చరికలు) వరసగా పడేవి, అదీ హార్డ్‌డిస్క్ లైటు వెలిగినప్పుడల్లా. ఆ లైటు సంగతి గమనించడానికే నెల పట్టింది.

డాస్‌లో ఎంఎస్‌డీ అనే తనిఖీ ప్రోగ్రాం నడిపి, మోడెమ్, మౌస్ లాంటివి తగిలించే కామ్ పోర్టుల పేజీ తెరిస్తే, అట్టడుగు వరసలో పోర్టుని నడిపే చిప్పు 8250 అని ఉంది. దొంగ అక్కడ దొరికాడు. ఆ తరం చిప్పు అందుకున్న బైట్లలో ఒక్కదాన్నే దాచిపెట్టుకోగలదు. ప్రాసెసర్ వచ్చి తీసుకెళ్లేలోపు ఇంకోటి వస్తే మొదటిది పోయినట్టే. పోర్టు వేగం సెకనుకు 57,600 బిట్లు పెడితే బైటుకీ బైటుకీ మధ్య 174 మైక్రోసెకన్లు. డిస్కు పనిలో మునిగిన 486కి అంత తీరిక ఎక్కడిది?

ఆ పోర్టులున్న నా ఐ/ఓ కార్డుమీద చిప్పులు సాకెట్లలో ఉండటం అదృష్టం. కోఠి గుజరాతీ గల్లీలో నేషనల్ సెమీకండక్టర్ వాళ్ల 16550ఏఎఫ్ఎన్ చిప్పు దొరికింది. పాతదాన్ని స్క్రూడ్రైవర్‌తో అటు కాస్త, ఇటు కాస్త లేపి తీశాను. గాటు ఉన్న వైపు చూసుకుని, 40 కాళ్లూ కుదిరాయో లేదో ఒకటికి రెండుసార్లు చూసి కొత్తది నొక్కాను. చెమటలు పట్టాయి. ఇందులో 16 బైట్ల ఫిఫో, అంటే వచ్చిన బైట్లని వరసలో దాచుకునే చోటు, ఉంటుంది. కొనేటప్పుడు ‘ఏ’ అక్షరం తప్పకుండా చూడండి, మొదట వచ్చిన ఉత్త 16550లో ఫిఫో సరిగా పనిచేయదు.

చిప్పు మార్చేసి కూర్చుంటే లాభం లేదు. సాఫ్ట్‌వేర్ ఆన్ చేసేదాకా ఆ ఫిఫో నిద్రపోతూనే ఉంటుంది. విండోస్ 95లో పోర్టు సెట్టింగుల్లో దీనికో స్లయిడర్ ఉంది. అందరూ చివరికంటా లాగేస్తారు. అలా చేస్తే 14 బైట్లు నిండాకే ప్రాసెసర్‌ని పిలుస్తుంది, మిగిలేది రెండు బైట్ల చోటు. నేను 8 దగ్గర పెట్టాను. పిలుపులు ఎక్కువైనా, ఆలస్యమైతే తట్టుకోవడానికి మరో ఎనిమిది బైట్ల చోటు ఉంటుంది.

కేబుల్ దగ్గర ఇంకో దెబ్బ తగిలింది. చవగ్గా తెచ్చినదాంట్లో మూడే తీగలున్నాయి. ఆర్‌టీఎస్, సీటీఎస్ అనే సంకేత తీగలు లేకపోతే తీగల మీదుగా ‘ఆగు’ అని మోడెమ్‌కి చెప్పే దారే లేదు. అన్ని తీగలూ ఉన్న కేబుల్ వేసి, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ (ఆ తీగలతోనే ఆపే పద్ధతి) పెట్టాక ఎర్రర్లు ఆగిపోయాయి. మౌస్ కామ్1లో ఉంటే మోడెమ్‌ని కామ్3లో పెట్టకండి, రెండూ ప్రాసెసర్‌ని పిలిచే ఒకే లైను, ఐఆర్‌క్యూ 4 మీదే కొట్టుకుంటాయి.

అయిదేళ్లలో చిప్పు ఒక్కసారీ మొరాయించలేదు. మోడెమ్ అడాప్టర్‌ని మాత్రం రెండుసార్లు మార్చాను. ఒక్క లోటు: డౌన్‌లోడ్ నడుస్తుండగా ఫ్లాపీ ఫార్మాట్ చేస్తే ఇప్పటికీ బైట్లు రాలతాయి. ఆ రెండు పనులూ ఒకేసారి పెట్టుకోను.