5-3, 6-2, 7-1: రగ్బీ బెంచ్‌కి ఏది మేలు?

రెండు దేశాల మధ్య పెద్ద రగ్బీ టెస్ట్ మ్యాచ్‌కి జట్లు ప్రకటించగానే నాకు వచ్చే ప్రశ్న ఒక్కటే. "మళ్లీ 7-1 పెట్టారు, ఇది తెలివా, తెగింపా?" అని కొందరు అడుగుతారు. "హాయిగా 5-3 ఉండగా ఎందుకీ టెన్షన్?" అని ఇంకొందరు. ఈ అంకెల్లో మొదటిది బెంచ్ మీదున్న ఫార్వర్డ్‌ల సంఖ్య, అంటే బంతి కోసం నెట్టుకునే బరువైన ఆటగాళ్లు; రెండోది బ్యాక్‌ల సంఖ్య, అంటే ఎక్కువగా పరుగు, పాస్, కిక్ పనులు చూసేవాళ్లు. 2023 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా ఈ చర్చను రాజేసింది. 2025 సిక్స్ నేషన్స్ (యూరప్‌లో ఆరు దేశాల టోర్నీ)లో ఫ్రాన్స్ కూడా 7-1 బాట పట్టాక అది ఇంకా ముదిరింది. అందరికీ విడివిడిగా జవాబు రాసే బదులు ఇక్కడ ఒకేచోట రాస్తున్నాను. నా ఓటు 6-2కి. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక లెక్క తేల్చుకోవాలి.

బెంచ్ మీద 8 మంది అంటాం గానీ, కోచ్ తన ఇష్టానికి నింపుకోగలిగే సీట్లు 5 మాత్రమే. స్క్రమ్‌లో (రెండు జట్ల ఫార్వర్డ్‌లు ఎదురెదురుగా వంగి బంతి కోసం నెట్టుకోవడం) ముందు వరుసలో ఆడే ముగ్గురికీ, అంటే హుకర్‌కీ ఇద్దరు ప్రాప్‌లకీ, బదులు ఆటగాళ్లు బెంచ్ మీద ఉండి తీరాలి. 3 సీట్లు అలా పోతాయి. మిగిలిన 5 సీట్లలో 5-3 అంటే ఇద్దరు ఫార్వర్డ్‌లు, ముగ్గురు బ్యాక్‌లు. 6-2 అంటే ముగ్గురూ ఇద్దరూ. 7-1 అంటే నలుగురు ఫార్వర్డ్‌లు, ఒకే ఒక్క బ్యాక్. అంటే 5-3కీ 7-1కీ మధ్య ఉన్న తేడా ఇద్దరు మనుషులు. మనం ఇంతగా వాదించుకుంటున్నది ఆ ఇద్దరి గురించే.

ఈ లెక్క గుర్తుంచుకుంటే ఒక అపోహ వెంటనే తొలగిపోతుంది. "7-1 వల్లే చివర్లో స్క్రమ్‌లు గెలుస్తున్నారు" అనే మాట తరచూ వింటుంటాను. స్క్రమ్‌లో అసలు బరువు మోసేది ముందు వరుస. ఆ ముగ్గురూ ఏ బెంచ్‌లోనైనా మారతారు. దీనికి 2023 ప్రపంచకప్‌లో దక్షిణాఫ్రికా, ఇంగ్లండ్ ఆడిన సెమీఫైనల్ కంటే మంచి ఉదాహరణ లేదు. స్టేడ్ ద ఫ్రాన్స్‌లో వాన, చేతిలో నిలవని బంతి, 69వ నిమిషం దాకా ఇంగ్లండ్ 15-6తో ముందంజ. అప్పుడు దక్షిణాఫ్రికా బెంచ్ నుంచి వచ్చిన ఆర్‌జీ స్నైమన్ ట్రై చేశాడు, అంటే బంతిని ప్రత్యర్థి గీత అవతల నేలకి తాకించాడు. తర్వాత బెంచ్ నుంచే వచ్చిన ప్రాప్ ఆక్స్ ఎన్‌చే స్క్రమ్‌లో ఇంగ్లండ్‌ను నెట్టి పెనాల్టీ (ప్రత్యర్థి తప్పుకి దొరికే కిక్, గోల్ పడితే 3 పాయింట్లు) తెచ్చాడు. దాదాపు 50 మీటర్ల దూరం నుంచి హాండ్రే పోలార్డ్ దాన్ని పోస్టుల మధ్యకు కొట్టాడు. 16-15. పోలార్డ్ కూడా బెంచ్ ఆటగాడే. మానీ లిబ్బాక్‌ను 31వ నిమిషంలోనే బయటికి పిలిచి అతన్ని దింపారు. ఇంతకీ ఆ రోజు దక్షిణాఫ్రికా బెంచ్ 5-3. స్క్రమ్ గెలిచిందీ, ట్రై వచ్చిందీ, ఆఖరి గోల్ పడిందీ ఆ 5-3 నుంచే.

మరి ఆరో ఫార్వర్డ్, ఏడో ఫార్వర్డ్ ఏం చేస్తారు? రెండో వరుసలో నెట్టే లాక్‌లనూ, వెనక వరుసలోని ఫ్లాంకర్లనూ, నంబర్ 8నూ మార్చే వీలిస్తారు. మాల్‌లో (బంతి పట్టుకున్నవాడి చుట్టూ నిలబడి గుంపుగా నెట్టడం) తోపు, రక్‌లో (నేల మీది బంతి కోసం పెనుగులాట) బంతి లాక్కునే పని, లైనౌట్‌లో (బయటికి పోయిన బంతిని లోపలికి విసరడం) ఎగిరే కాళ్లు, ఇవన్నీ 60 నిమిషాలు దాటాక కూడా తాజాగా ఉంటాయి. ఇంకో లాభం మొదలుపెట్టే ఆటగాళ్లకి. 80 నిమిషాలకి ఊపిరి దాచుకోనక్కర్లేదు, 50 నిమిషాలు ఉన్నదంతా ఊడ్చిపెట్టి ఆడి బయటికి రావచ్చు. ఈ లాభాన్ని తక్కువ చేసి చూడకూడదు. 2023 ఫైనల్ చివరి నిమిషాల్లో బెంచ్ నుంచి వచ్చిన క్వాగా స్మిత్ రక్‌ల దగ్గర ఎలా వంగి నిలబడ్డాడో చూసినవాళ్లకి నేను చెప్పనక్కర్లేదు.

అయితే నా దృష్టిలో నిర్ణయించే అంశం ఇది కాదు. బెంచ్ ఏదైనా నేను మొదట చూసేవి రెండు విషయాలు. మ్యాచ్ మధ్యలో స్క్రమ్‌హాఫ్ (స్క్రమ్, రక్‌ల వెనక నుంచి బంతి తీసి అందించే బ్యాక్) కుంటుతూ బయటికి వస్తే ఆ 9వ నంబర్ స్థానంలో ఎవరు ఆడతారు? చివరి పది నిమిషాల్లో గోల్‌కి కొట్టాల్సి వస్తే కొట్టేది ఎవరు? ఈ రెండింటికీ మైదానంలో ఉన్నవాళ్లో, బెంచ్ మీద ఉన్నవాళ్లో జవాబుగా ఉన్నారనుకోండి, ఫార్వర్డ్‌లను ఎంతమందినైనా కూర్చోబెట్టుకోవచ్చు. జవాబు లేకపోతే ఏడుగురు ఫార్వర్డ్‌లూ ఆదుకోలేరు.

ఇదే దక్షిణాఫ్రికా జట్టు అదే మైదానంలో 2023 సెప్టెంబర్ 23న ఐర్లాండ్‌తో ఆడిన పూల్ మ్యాచ్ చూడండి. బెంచ్ 7-1. ఉన్న ఒక్క బ్యాక్ స్క్రమ్‌హాఫ్ కోబస్ రైనాక్. లిబ్బాక్ ఒక కన్వర్షన్ (ట్రై తర్వాత కొట్టే 2 పాయింట్ల కిక్), ఒక పెనాల్టీ తప్పాడు. ఫాఫ్ డి క్లెర్క్ రెండు పెనాల్టీలు తప్పాడు. మొత్తం 11 పాయింట్లు గాలికి పోయాయి. ఓడింది 13-8తో. ఏడుగురు ఫార్వర్డ్‌లు వచ్చి ఎంత నెట్టినా, వాళ్లు తెచ్చిపెట్టిన అవకాశాలను పాయింట్లుగా మార్చేవాడు బెంచ్ మీద లేడు. ఆ మ్యాచ్‌ని 5 పాయింట్ల తేడాతో ఓడి, సెమీఫైనల్‌ని బెంచ్ మీదున్న కిక్కర్ చలవతో ఒక్క పాయింట్ తేడాతో గెలిచారు. ఈ రెండు మ్యాచ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు వేరే రుజువు అక్కర్లేదు.

"మరి ఫైనల్ 7-1తోనే గెలిచారుగా?" అని అడుగుతారు. గెలిచారు, న్యూజిలాండ్ మీద 12-11తో. ఆ 12 పాయింట్లూ పోలార్డ్ నాలుగు పెనాల్టీలు. అంటే ఆ రోజు కిక్కర్ మొదటి నిమిషం నుంచే మైదానంలో ఉన్నాడు, రెండో ప్రశ్నకి జవాబు ముందే ఉంది. మొదటి ప్రశ్నకి మాత్రం లేదు. బెంచ్ మీదున్న ఒక్క బ్యాక్ ఫుల్‌బ్యాక్ విల్లీ లె రూ. డి క్లెర్క్‌కి దెబ్బ తగిలితే అసలైన స్క్రమ్‌హాఫ్ ఇంకొకడు లేడు. అతనికి ఏమీ కాలేదు కాబట్టి ఇప్పుడు దాన్ని సాహసం అని మెచ్చుకుంటున్నాం.

ఆ ఫైనల్‌లోనే జనం అంతగా మాట్లాడుకోని విషయం ఒకటుంది. హుకర్ బోంగి ఎంబోనాంబి మొదటి నిమిషాల్లోనే గాయంతో వెళ్లిపోయాడు. ప్రపంచంలో మేటి హుకర్లలో ఒకడైన మాల్కం మార్క్స్ అప్పటికే గాయంతో టోర్నీకి దూరమయ్యాడు. దాంతో 37 ఏళ్ల డియోన్ ఫౌరీ, ప్రధానంగా ఫ్లాంకర్, దాదాపు మ్యాచ్ అంతా హుకర్‌గా ఆడాల్సి వచ్చింది. లైనౌట్ ఇబ్బంది పడింది. బెంచ్ మీద ఏడుగురు ఫార్వర్డ్‌లు ఉండి కూడా లైనౌట్‌కి బంతి విసరడమే రోజూ చేసే పనిగా ఉన్న హుకర్ రెండోవాడు లేడు. బెంచ్‌లో తలలు లెక్కపెట్టడం ఎందుకు చాలదో ఆ 75 నిమిషాలు చూపించాయి. ఫౌరీ చూపిన గుండెధైర్యం వేరే సంగతి, అతనికి ఎంత చెప్పినా తక్కువే.

7-1కి పేరు తెచ్చిన మ్యాచ్ 2023 ఆగస్టు 25న లండన్‌లోని ట్వికెన్‌హామ్‌లో జరిగింది. దక్షిణాఫ్రికా చేతిలో న్యూజిలాండ్ 35-7తో ఓడింది, అప్పటికి ఆ జట్టు టెస్ట్ చరిత్రలోనే అతి పెద్ద ఓటమి. కానీ ఆ 7-1 అసలు ముందు అనుకున్నది కాదు. లె రూ మ్యాచ్‌కి ముందు తప్పుకుంటే అతని చోట క్వాగా స్మిత్‌ను బెంచ్‌లోకి తెచ్చారు. పైగా న్యూజిలాండ్ ఆటగాడు స్కాట్ బారెట్ సగం ఆటకి ముందే రెడ్ కార్డుతో వెళ్లిపోయాడు. పద్నాలుగురితో ఆడే జట్టు మీద ఏ బెంచ్ అయినా బలంగానే కనిపిస్తుంది. ఆ ఒక్క స్కోరు చూపించి 7-1ని గెలుపు మంత్రం అనడం నాకు నచ్చదు.

7-1కి అంతకంటే గట్టి సాక్ష్యం ఫ్రాన్స్‌దే. 2025 మార్చి 8న డబ్లిన్‌లో సుమారు అరగంట గడిచేసరికి ఫ్రాన్స్ స్క్రమ్‌హాఫ్ ఆంటోన్ డ్యూపోన్ మోకాలి గాయంతో వెళ్లిపోయాడు. ఉన్న ఒక్క బ్యాక్ మాక్సిమ్ లూక్యూ స్క్రమ్‌హాఫ్ కాబట్టి సరిగ్గా సరిపోయాడు. తర్వాత సెంటర్ బరాస్సీ తలకి దెబ్బ తగిలి బయటికి వస్తే, ఫ్లాంకర్ ఓస్కార్ జెగూ సెంటర్‌లో నిలబడి ఆడాడు. రెండో సగం మొదట్లో ఐర్లాండ్ 13-8తో ముందుంది. ఫ్రాన్స్ తాజా ఫార్వర్డ్‌లను గుంపుగా దింపింది. ఆఖరికి స్కోరు 42-27 ఫ్రాన్స్‌కి. జెగూ లాంటివాడు మన దగ్గర ఉంటే నేనూ 7-1 గురించి ఆలోచిస్తాను. కానీ ఆ బెంచ్‌ను గెలిపించింది ఫార్వర్డ్‌ల సంఖ్య ఒక్కటే కాదు. ఆ ఒక్క బ్యాక్ స్క్రమ్‌హాఫ్ కావడం, ఒక ఫార్వర్డ్ బ్యాక్ పని కూడా చేయగలగడం, ఈ రెండూ కలిసొచ్చాయి.

6-2 కూడా దెబ్బతింటుంది, అది దాచను. 2024 మార్చి 9న ట్వికెన్‌హామ్‌లో ఇంగ్లండ్ మీదకి ఐర్లాండ్ 6-2తో వచ్చింది. వింగర్ కాల్విన్ నాష్ మొదట్లోనే తలకి దెబ్బ తగిలి వెళ్లాడు. అతని బదులు వచ్చిన కియరన్ ఫ్రాలీ కూడా తలకి దెబ్బతో వెళ్లాడు. బ్యాక్‌లలో మిగిలింది స్క్రమ్‌హాఫ్ కానర్ మరీ ఒక్కడే. అతన్ని దింపి, అప్పటిదాకా ఆట నడిపిస్తున్న జేమిసన్ గిబ్సన్-పార్క్‌ను రెక్కకి, అంటే వింగర్ స్థానానికి, పంపాల్సి వచ్చింది. చివరి క్షణాల్లో మార్కస్ స్మిత్ డ్రాప్ గోల్‌తో (ఆట నడుస్తుండగానే బంతిని నేలకి తాకించి కొట్టే గోల్) ఇంగ్లండ్ 23-22తో గెలిచింది, ఐర్లాండ్ వరుసగా రెండో గ్రాండ్ స్లామ్ (సిక్స్ నేషన్స్‌లో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) కల చెదిరింది. స్మిత్ బెంచ్ నుంచి వచ్చిన బ్యాక్. ఒకే మ్యాచ్‌లో ఇద్దరు బ్యాక్‌లను కోల్పోవడం మామూలుగా జరిగేది కాదు. అయినా ఆ దెబ్బ తిని ఐర్లాండ్ 15 మందితో, ప్రతి స్థానంలో ఎవరో ఒకరు ఆడగలిగేవాళ్లతో, చివరి క్షణం దాకా ముందంజలో ఉంది. 7-1 అయితే రెండో గాయానికే రెక్క మీద ఫార్వర్డ్ ఉండేవాడు.

నేను 6-2 అనగానే మనసులో మెదిలేది 2019 నవంబర్ 2, యోకొహామా. ఇంగ్లండ్‌తో దక్షిణాఫ్రికా ఆడిన ప్రపంచకప్ ఫైనల్. దక్షిణాఫ్రికా కోచ్ రాసీ ఎరాస్మస్ 'బాంబ్ స్క్వాడ్' పేరుతో లోకానికి తెలిసిన బెంచ్ అదే. మొదటి సగంలోనే ఎంబోనాంబి, లాక్ లూడ్ డి యాగర్ ఇద్దరూ గాయపడ్డారు. వాళ్ల స్థానాల్లో వచ్చింది మాల్కం మార్క్స్, ఫ్రాంకో మోస్టర్ట్. హుకర్ బదులు హుకర్, లాక్ బదులు లాక్. ఆటలో చిన్న కుదుపు కూడా లేదు. ఇక బ్యాక్‌ల వైపు ఇద్దరు: స్క్రమ్‌హాఫ్ హెర్షెల్ యాన్‌ట్యీస్, ఫ్రాన్స్వా స్టెయిన్. స్టెయిన్ ఫ్లైహాఫ్, సెంటర్, ఫుల్‌బ్యాక్ మూడు చోట్లా ఆడగలడు, చాలా దూరం నుంచి గోల్ కొట్టగలడు. క్రికెట్‌లో బాగా బ్యాటింగ్ చేసే వికెట్‌కీపర్ దొరికితే ఇంకో బౌలర్‌కి చోటు దొరికినట్టు, స్టెయిన్ ఉండబట్టే ఆరో ఫార్వర్డ్‌కి చోటు దొరికింది. నా రెండు ప్రశ్నలకీ ఆ బెంచ్‌లో జవాబుంది. ఆఖరి పావుగంటలో రెండు ట్రైలు, స్కోరు 32-12.

5-3 సంగతి. జట్టులో ఆరో ఫార్వర్డ్, మొదట ఆడినవాడికి సాటి రానప్పుడు 5-3యే మేలు. అలసిన మంచి లాక్, తాజాగా ఉన్న మామూలు లాక్ కంటే చాలాసార్లు ఎక్కువ ఉపయోగపడతాడు. అన్ని దేశాలకీ దక్షిణాఫ్రికాకున్నంత మంది ఫార్వర్డ్‌లు లేరు. వాళ్లను చూసి అనుకరించే చిన్న జట్లకు నేను చెప్పేది ఇదే. 4-4 గురించి కూడా అడిగారు. ఇప్పటి టెస్ట్ వేగంలో అది పనికిరాదు, ముందు వరుస ముగ్గురూ పోగా ఇక ఒకే ఒక్క ఫార్వర్డ్ మిగులుతాడు. ముంబైలో జరిగిన లీగ్‌లో హైదరాబాద్ హీరోస్‌ను చూసి రగ్బీకి వచ్చినవాళ్లకి ఒక మాట: అది ఏడుగురు ఆడే సెవెన్స్, అక్కడ ఈ లెక్కలేవీ వర్తించవు.

తల గాయాల నిబంధన కూడా బెంచ్ లెక్కలోకి వస్తుంది. అనుమానం వస్తే ఆటగాణ్ణి పరీక్షకి తీసుకెళ్తారు, 12 నిమిషాలు అతని చోట ఇంకొకరు ఆడాలి. 7-1లో ఏ బ్యాక్ పరీక్షకి వెళ్లినా ఆ ఒక్క బ్యాకే లోపలికి వెళ్లాలి. ఆ 12 నిమిషాల్లో ఇంకో బ్యాక్‌కి ఏమైనా అయితే బెంచ్ మీద ఫార్వర్డ్‌లే. 20 నిమిషాల రెడ్ కార్డును ప్రయోగించిన పోటీల్లో, పంపేసిన ఆటగాడి బదులు 20 నిమిషాల తర్వాత బెంచ్ నుంచి ఒకర్ని దింపవచ్చు. వెళ్లింది బ్యాక్ అయితే దింపడానికి బ్యాక్ ఉండాలి కదా. 7-1 వల్ల అలసిన ఆటగాళ్ల మీదకి తాజా బరువంతా ఒక్కసారిగా వచ్చి పడుతుందని, అది ప్రమాదమని వాదించేవాళ్లూ ఉన్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ నిబంధనల లోపల ఉన్న ఎంపికని మోసం అనడం అన్యాయం.

ఇప్పుడు ఎరాస్మస్ ఈ అంకెలనే చెరిపేస్తున్నాడు. 2025లో సెంటర్ ఆండ్రే ఎస్టర్‌హైజెన్‌ను ఫ్లాంకర్‌గా కూడా ఆడించాడు. అతను బెంచ్ మీదుంటే అది 6-2నా, 5-3నా చెప్పడం కష్టం. నాకైతే ఇది 6-2ని ఇంకా బలపరిచే మార్పు. 2027లో ఆస్ట్రేలియాలో జరిగే ప్రపంచకప్‌లో 24 జట్లు ఆడతాయి, నాకౌట్ చివరి 16తో మొదలవుతుంది. కప్పు గెలవాలంటే వరుసగా నాలుగు నాకౌట్ మ్యాచ్‌లు నెగ్గాలి. ఆ నాలుగు మ్యాచ్‌లకి నన్ను బెంచ్ రాయమంటే ముందు స్క్రమ్‌హాఫ్ పేరు రాస్తాను, తర్వాత మూడు స్థానాల్లో ఆడుతూ గోల్ కొట్టగలిగే బ్యాక్ పేరు, ఆ తర్వాత అసలైన హుకర్ పేరు. మిగతా ఐదు సీట్లూ ఫార్వర్డ్ కోచ్‌కి ఇచ్చేస్తాను.