కాక్ రింగ్: ఎంత త్వరగా ఊడుతుందో చూసి కొనండి

కాక్ రింగ్, అంటే గట్టిదనం నిలవడానికి అంగం మొదట్లో తొడిగే రింగు, కొనేటప్పుడు చాలామంది అది ఎంత బిగువుగా పట్టుకుంటుందో చూస్తారు. మేం మాత్రం కంగారులో, చేతికి జారుడు అంటుకుని ఉన్నప్పుడు, అది ఎన్ని సెకన్లలో ఊడి వస్తుందో చూడమంటాం. సాగే సిలికాన్, చవక రబ్బరు, స్టీలు, తాడు రకం, మోటారుతో కంపించే రింగు, అన్నీ చాలాకాలం వాడాక మా మార్కులన్నీ ఈ ఒక్క లెక్క మీదే పడ్డాయి.

ముందు ఇది పనిచేసే తీరు. అంగం గట్టిపడేటప్పుడు ధమనులు లోపలికి రక్తం తెస్తాయి. బయటికి తీసుకుపోయే సిరల్లో ఒత్తిడి తక్కువ కాబట్టి కొద్దిపాటి బిగింపుకే అవి మూసుకుంటాయి. అంగం మొదట్లో రింగు పెడితే వచ్చిన రక్తం నిలుస్తుంది, గట్టిదనం ఎక్కువసేపు ఉంటుంది. అంతవరకే దాని పని. రాని స్తంభనను అది తెప్పించదు, పొడవు పెంచదు, గర్భం రాకుండా ఆపదు. స్ఖలనం కొందరికి ఆలస్యమవుతుంది, కొందరికి తేడా ఏమీ ఉండదు, బిగువు ఎక్కువైతే ఆ సమయంలో నొప్పి వస్తుంది. బిగింపు మరీ పెరిగితే ధమనులూ మూసుకుపోతాయి. లోపల చిక్కుకున్న రక్తంలో ఆక్సిజన్ అయిపోతుంది, కణజాలం దెబ్బతినడం మొదలవుతుంది. రింగు అరగంటకు మించి ఉంచకూడదనే గడువు పెట్టింది అందుకే.

మొదటిసారి కొనేవారికి మా ఎంపిక: రెండు పక్కలా చెవుల్లాంటి పట్టులున్న మెత్తటి సిలికాన్ రింగు. రెండు చేతుల చూపుడు వేళ్లతో ఆ చెవులు పట్టి విడదీస్తే చాలు, వెంట్రుక కూడా లాగకుండా వస్తుంది. పట్టులేని నున్నటి గుండ్రటి రింగు చూడ్డానికి బాగుంటుంది కానీ లూబ్రికెంట్ అంటాక వేలికి దొరకదు. పెట్టె విప్పగానే లోపలి అంచు మీద వేలు తిప్పి చూడండి. అచ్చులో పోసిన చోట సన్నని గీతలా ఒక అతుకు ఉంటుంది. అది గోటికి తగిలేంత పైకి లేచి ఉంటే చర్మాన్ని గీకుతుంది. అలాంటిది తిప్పి పంపేయండి.

తాడు రకం, అంటే పూసను జరిపి బిగించేది, రెండో స్థానంలో ఉంటుంది. కొలత బాధ లేదు, పూస వెనక్కి జరిపితే క్షణంలో వదులవుతుంది. దాని లోపం కూడా అక్కడే ఉంది: ఎంత బిగించాలో చెప్పేవారు లేక అవసరానికి మించి బిగిస్తారు. పూస కింద చర్మం కూడా నలుగుతుంది.

స్టీలు రింగు కొత్తవారికి వద్దు. అది సాగదు, ఇంట్లో కోయలేం. లోపల అంగం గట్టిగా ఉన్నంతసేపు బయటికి రాదు. అది రాకపోయేసరికి కంగారు, లాగడం, వాపు, వాపుతో ఇంకా బిగుసుకోవడం. ఆసుపత్రిలో లోహం కోసే పనిముట్లతో తీయాల్సి వచ్చే సందర్భాల్లో లోహపు రింగులదే పెద్ద పాలు. సైకిల్ బేరింగు, నట్టు, గాజు, సీసా మూత వంటి వాటి జోలికి అసలు పోకండి.

చవక 'జెల్లీ' రబ్బరు, టీపీఈ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) రింగులు సాగుతాయి, పనీ చేస్తాయి. కానీ వాటికి కంటికి కనబడని రంధ్రాలుంటాయి, ఎంత కడిగినా లోపల మురికి నిలుస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో బీరువాలో పెట్టినది జిగటగా తేలడం మామూలే. వాటిని కొన్నిసార్లు వాడి పారేసే సరుకుగానే చూడాలి. వాసన గుప్పుమని కొడితే ఆ కొన్నిసార్లు కూడా వద్దు. ఈ వస్తువుల భద్రత కోసం 2021లో ఐఎస్‌ఓ 3533 అనే ప్రమాణం వచ్చింది. పెట్టె మీద 'మెడికల్ గ్రేడ్' అన్న మాట ఒక్కటి చూసి నమ్మడం కన్నా, దేనితో చేశారో సూటిగా రాసిన సరుకు మేలు.

కొలత ఇలా తీయండి. అంగం గట్టిగా ఉన్నప్పుడు మొదట్లో దారం చుట్టి, కలిసిన చోట గుర్తు పెట్టి, స్కేలు మీద పరవండి. వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. 12 సెం.మీ. అయితే సుమారు 38 మి.మీ. సాగే సిలికాన్ అయితే దీనికన్నా 3 నుంచి 6 మి.మీ. తక్కువ లోపలి వ్యాసం చాలు, అంటే 32-35. సందేహం ఉంటే పెద్దదే తీసుకోండి. అమ్మేవాళ్లు చాలాసార్లు బయటి వ్యాసం రాస్తారు. రింగు మందం 5 మి.మీ. అయితే బయట 45 అని రాసినది లోపల 35 మాత్రమే. మూడు సైజుల సెట్టు కొంటే అన్నిటికన్నా పెద్దదానితో మొదలుపెట్టండి, చిన్నది చాలామందికి ఎప్పటికీ అక్కర్లేదు.

వేసుకునే ముందు మొదట్లోని వెంట్రుకలు కత్తిరించుకోండి. గీయొద్దు, కొత్తగా గీసిన చర్మం మీద రింగు మంట పెడుతుంది. నీటి ఆధారిత లూబ్రికెంట్ రెండు చుక్కలు లోపలి అంచుకు రాసి, అంగం మెత్తగానో సగం గట్టిగానో ఉండగా రింగును సాగదీసి మొదటి దాకా తీసుకెళ్లి వదలండి. వృషణాల వెనక నుంచి వేసే పద్ధతీ ఉంది: ఒక్కో వృషణాన్నీ విడిగా దాటించి, చివర మెత్తగా ఉన్న అంగాన్ని కిందికి వంచి లాగాలి. తీసేటప్పుడు దీనికి సరిగ్గా తలకిందులు. అలవాటు లేనివారికి తీయడంలోనే తడబాటు, కాబట్టి కొత్తలో అంగానికి మాత్రమే పరిమితం కండి. మొదటిసారి ఒంటరిగా, పది నిమిషాలు వేసి తీసి చూడటం మంచిది.

ఫోనులో అరగంటకు కాదు, 20 నిమిషాలకు అలారం పెట్టండి. తీసే వ్యవధి కూడా లెక్కలోదే. మళ్లీ వేసుకోవడానికి గంటైనా ఆగాలి. రంగు కొంచెం ముదరడం, నరాలు ఉబ్బడం సహజం. చల్లబడటం, తిమ్మిరి, నొప్పి, నీలం-నలుపు రంగు, వీటిలో ఏది కనిపించినా ఆ క్షణమే తీసేయాలి. అంగం కొన వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోట రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. మందు తాగి ఉన్నప్పుడు, నిద్ర ముంచుకొస్తున్నప్పుడు వేసుకోకండి. పెట్టుకుని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం.

ఊడకపోతే లాగొద్దు. గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెట్టి, బాగా లూబ్రికెంట్ రాసి, పడుకుని ప్రయత్నించండి. సిలికాన్ అయితే కొన మొండిగా ఉండే బ్యాండేజీ కత్తెరతో కోయొచ్చు. ఒక కత్తెర అందుబాటులో ఉంచుకోవడం అతి జాగ్రత్తేమీ కాదు. లోహం అయితే కోయబోకండి, అత్యవసర విభాగానికి వెళ్లండి, లేదా 108కి ఫోన్ చేయండి. సిగ్గుతో తెల్లారేదాకా ఆగితే నష్టం శాశ్వతం కావొచ్చు. రింగు తీశాక కూడా స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే అదీ అత్యవసరమే.

వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తం పలుచబడే మందులు వాడేవారు, సికిల్ సెల్ (కొడవలి కణాల రక్తజబ్బు) ఉన్నవారు, లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్నవారు, అంగం వంకర తిరిగే పెరోనీస్ జబ్బు ఉన్నవారు డాక్టరును అడక్కుండా వాడొద్దు. పాడేరు, ఆదిలాబాద్ వైపు సికిల్ సెల్ ఎక్కువ కాబట్టి ఆ మాట ప్రత్యేకంగా చెబుతున్నాం. షుగరు వల్ల స్పర్శ తగ్గినవారికి నొప్పి హెచ్చరికే అందదు, వారికి రింగు పనికిరాదు. స్తంభన కోసం సిల్డెనాఫిల్ (వయాగ్రా) మాత్ర వేసుకుని దాని మీద రింగు కూడా పెట్టే ఆలోచన ఉంటే ముందు డాక్టరుతో మాట్లాడాలి. రింగు లేనిదే స్తంభన నిలవడం లేదన్న స్థితి వస్తే షుగరు, బీపీ, గుండె పరీక్షలు చేయించుకోండి. అంగంలోని రక్తనాళాలు సన్నవి, గుండెజబ్బు లక్షణాలు అక్కడ ముందుగా బయటపడుతుంటాయి.

మోటారు రింగు సంగతి వేరు. దాని అసలు పని భాగస్వామికి. మోటారు పైకి, ఆమె క్లిటోరిస్‌కు తగిలేలా ఉండాలి, శరీరాలు దగ్గరగా ఉండే కదలికలోనే ఉపయోగం. వేగంగా వెనక్కి ముందుకీ కదిలితే మోటారు ఆనదు, ఎముకకు తగిలి నొప్పి పెడుతుంది. బటన్ సెల్ వేసేవాటి కన్నా యూఎస్‌బీతో చార్జ్ అయ్యేవి నయం. ఎల్‌ఆర్44 వంటి సెల్ పిల్లల నోట్లోకి పోతే గొంతు లోపల గంటల్లోనే కాలిపోతుంది, పాత సెల్ ఎక్కడ పడితే అక్కడ వేయకండి. కండోమ్ వాడితే ముందు కండోమ్, దాని మీద రింగు. అంచు మడత పడలేదని చూసుకోండి.

కొబ్బరి నూనె ఇంట్లో అందరికీ దొరుకుతుంది కానీ లాటెక్స్ కండోమ్‌ను బలహీనపరుస్తుంది, టీపీఈని ఉబ్బిస్తుంది. వాసెలిన్ కూడా అంతే. సిలికాన్ రింగుకు సిలికాన్ లూబ్రికెంట్ వాడొద్దు, పైపొర చెడిపోవచ్చు.

వాడిన వెంటనే గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బు. మోటారు లేని పూర్తి సిలికాన్ అయితే ఐదు నిమిషాలు మరిగించొచ్చు, అందుకు వేరే గిన్నె పెట్టుకోండి. మోటారు రింగులో సబ్బు నిలిచేది మూత మర దగ్గర. పాత టూత్‌బ్రష్‌తో ఆ గాడి రుద్ది, తుడిచి, మూత తీసి ఆరబెట్టండి. ఇద్దరి మధ్య మారేటప్పుడు కడగాల్సిందే. నూలు సంచిలో విడిగా ఉంచండి, సిలికాన్, టీపీఈ ఒకదానికొకటి ఆనితే అంటుకుపోతాయి. నెలకోసారి రింగును వేళ్ల మధ్య సాగదీసి వెలుతురులో పట్టి చూడండి. సన్నని పగులు, జిగట, తెల్లటి మచ్చ కనిపిస్తే అది చెత్తబుట్టకే.