క్షారంతో శుద్ధి చేసిన ఊక అడ్సార్బెంట్: సీసానికి సరే, క్రోమియానికి వద్దు

వరి ఊకను సోడియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి, నీటిలోని లోహాలను తన ఉపరితలం మీద పట్టుకునే పదార్థంగా (అడ్సార్బెంట్) సంచుల్లో అమ్ముతున్న సరుకు ఇది. వ్యర్థజలాన్ని సున్నంతో తేర్చాక ఇంకా మిగిలే సీసం, రాగి కోసమైతే కొనొచ్చు. సున్నం అంచెనే ఎత్తేద్దామనుకుంటే మాత్రం వద్దు.

పచ్చి ఊక కంటే మేలే. పచ్చిది నీళ్లలో తేలుతుంది, సరిగా తడవదు. క్షారం అందులోని సిలికాను, గట్టిదనాన్నిచ్చే లిగ్నిన్‌ను కొంత కరిగించి, లోహం అతుక్కునే చోట్లను బయటపెడుతుంది.

సంచి మీది '95 శాతం తొలగింపు'ను పట్టించుకోకండి. ఊక ఎక్కువ వేస్తే శాతం దానంతటదే పెరుగుతుంది. గ్రాముకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) దగ్గర అని అడగండి. లీటరుకు 50 మి.గ్రా. సీసం ఉన్న 100 మి.లీ. నీటిలో 0.5 గ్రా. ఊక వేసి, రెండు గంటలు కలియబెట్టి వడకడితే లీటరుకు 5 మి.గ్రా. మిగిలిందనుకుందాం. ఊక పట్టింది 4.5 మి.గ్రా., అంటే గ్రాముకు 9. ఈ లెక్కన 1000 లీటర్లకు 5 కిలోలు కావాలి.

మోసం జరిగేదీ ఈ పరీక్షలోనే. సరిగా కడగని ఊకలో క్షారం మిగిలి ఉంటే పీహెచ్ 8 దాటి, సీసం హైడ్రాక్సైడ్ మడ్డిగా దిగి వడపోతలో ఆగుతుంది. ఊకే పట్టినట్టు కనిపిస్తుంది! ఊక నింపిన బెడ్‌లోకి ఆమ్లపు నీరు వచ్చిన రోజు అదంతా మళ్లీ కరిగి బయటికొస్తుంది. కాబట్టి కడిగిన నీటి పీహెచ్ 7 దగ్గరికి వచ్చేదాకా ఊకను కడిగి, పరీక్ష పొడవునా పీహెచ్‌ను 5–5.5 దగ్గర నిలపండి. 3 కంటే దిగితే లోహానికి బదులు హైడ్రోజన్ అయాన్లే ఆ చోట్లను ఆక్రమిస్తాయి.

నికెల్‌ను అంతంతమాత్రంగానే పడుతుంది. నీటిలో ఈడీటీఏ, సయనైడ్ లాంటి, లోహాన్ని గట్టిగా పట్టుకునే రసాయనాలు ఉంటే లోహం వాటిని వదిలి రాదు. హెక్సావాలెంట్ క్రోమియం (+6 రూపం) నీటిలో రుణ అయాన్‌గా ఉంటుంది కాబట్టి పీహెచ్ 5 దగ్గర దాదాపు అంటుకోదు. 2 దగ్గర తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, చాలావరకు ట్రైవాలెంట్‌గా (+3 రూపం) మారి నీటిలోనే ఉంటుంది. మొత్తం క్రోమియం కొలిస్తే గుట్టు తెలుస్తుంది.

కాలమ్‌లో (నీరు పారే నిలువు గొట్టం) ఊక నింపే ముందు రాత్రంతా నానబెట్టి నలుసు కడిగేయాలి. నీటిని కింది నుంచి పైకి పంపండి, పైన జాలీ తప్పనిసరి. తడి బెడ్‌ను రోజుల తరబడి వదిలేస్తే కుళ్లి కంపు కొడుతుంది.

0.1 మోలార్ నైట్రిక్ ఆమ్లంతో కడిగితే ఊక పట్టిన సీసం వదులుతుంది, కానీ ఆ చిక్కటి కడుగునీరు మళ్లీ సున్నం తొట్టికే వెళ్లాలి. వాడేసిన ఊక ప్రమాదకర వ్యర్థం. ఎరువుగానో పొయ్యిలోకో పోకూడదు. దాని గురించి సంచి మీద ఒక్క ముక్క లేదు. 5కి 3 స్టార్లే.