పీకీ బ్లైండర్స్: తుపాకుల కంటే ఆ ఇల్లే నచ్చింది

ఈ బ్రిటిష్ టీవీ సిరీస్ గ్యాంగ్‌స్టర్ కథ కదా, కాల్పులూ కొట్లాటలే ఉంటాయనుకుని మొదలుపెట్టాను, కానీ నన్ను కట్టిపడేసింది షెల్బీల కుటుంబం. 1919 బర్మింగ్‌హామ్. మొదటి ప్రపంచ యుద్ధంలో సొరంగాలు తవ్వి వచ్చిన గ్యాంగ్ నాయకుడు టామీకి రాత్రిళ్లు గోడ అవతల పారల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది, ఆ భయాన్ని కిలియన్ మర్ఫీ మాట లేకుండా కళ్లతోనే చెప్పేస్తాడు. పాలీ అత్తగా హెలెన్ మెక్రోరీ ఇంకా గొప్ప! మగవాళ్లు యుద్ధంలో ఉన్నప్పుడు వ్యాపారం నడిపింది ఆవిడే, అందుకే ఆమె ముందు టామీ కూడా తగ్గుతాడు. 2021లో మెక్రోరీ చనిపోయాక వచ్చిన ఆరో సీజన్‌లో ఆ లోటు నాకు ప్రతి సీన్‌లోనూ తెలిసింది. మూడో సీజన్‌లో రష్యన్ల గొడవ బాగా సాగదీశారు, కాస్త ఓపిక పట్టండి. యాస కష్టమే, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. మొత్తం 36 ఎపిసోడ్లు, నేను రెండోసారి చూస్తున్నాను.