పేరు లవ్లీ ఏంజెల్స్, వచ్చెళ్ళాక చూస్తే ఫైలిన్

డర్టీ పెయిర్ కామిక్స్‌లో రెండోది, డేంజరస్ అక్వెయింటెన్సెస్, మొన్న రెండు రాత్రుల్లో చదివీసాను. బరంపురంలో ఇలాంటివి నాకెక్కడా దొరకలేదు, అందుకని ఆన్‌లైన్‌లో పాత పుస్తకాలమ్మే ఒకాయన దగ్గర తెప్పించుకున్నాను. కొత్తదానిలాగే ఉంటాదని రాసీసాడు, తీరా విప్పి చూస్తే వెనక అట్ట నీళ్ళు తాగి ఉబ్బిపోయుంది, వాసనైతే మా మామ్మ ట్రంకుపెట్టె వాసనే. పేజీలన్నీ ఉన్నాయి కదాని గొడవ పెట్టుకోలేదు గానీ ఒక స్టార్ మాత్రం అక్కడే కోసీసాను.

కథ ఏటంటే, కేయి, యూరి అని ఇద్దరమ్మాయిలు, 2141 కాలం నాటి వాళ్ళు, 3డబ్ల్యూఏ అనే సంస్థలో ట్రబుల్ కన్సల్టెంట్లు. ఏ గ్రహంలో ఎవరికి కష్టమొచ్చినా వీళ్ళని పంపిస్తారు, కష్టం తీరిపోతాది, దాంతోపాటు అక్కడున్న బిల్డింగులూ పోతాయి. ఆఫీసు పెట్టిన కోడ్ నేమ్ లవ్లీ ఏంజెల్స్, జనం పెట్టింది డర్టీ పెయిర్, ఆ రెండోది ఎవడైనా నోరు జారి అన్నాడా ఇద్దరికీ ఒళ్ళు మండిపోద్ది. మా వీధిలో ఒకరింట్లో ఫ్యూజు పోయిందని లైన్‌మేన్‌ని పిలిస్తే ఆయన స్తంభం ఎక్కి దిగేసరికి ఆ ఇంటికి కరెంటొచ్చింది, మిగతా వీధంతా చీకటి, ఇదీ అచ్చం అలాగే. 2013లో ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన మర్నాడు తలుపు తీసి బయటకి చూసినోళ్ళకి వీళ్ళ ప్రతి కేసు ఆఖరి పేజీ కొత్తగా ఉండదు.

నాకు అసలు నచ్చిందేటంటే, తప్పు వీళ్ళది కాదు! ఎంత నాశనమైనా సంస్థ కంప్యూటరు లెక్కలు కట్టి వీళ్ళ తప్పేం లేదని తేల్చేస్తాది, అందుకే ఉద్యోగాలు ఊడవు. చెడగొట్టడానికే వచ్చినోళ్ళైతే రెండు పేజీల్లో విసుగొచ్చీసును. వీళ్ళు మనసు పెట్టి పని చేస్తారు, పని అవుతాది కూడా, అదీ నవ్వు.

ఇందులో విలన్ ఒకప్పుడు వీళ్ళతో పనిచేసిన ఆండ్రాయిడ్, అంటే అచ్చం మనిషిలా ఉండే రోబో, పేరు షాస్తి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదివిన బుర్ర నాది, మొదటిసారి చూడగానే "శాస్తి" అనే చదువుకున్నాను, వీళ్ళిద్దరూ చేసినవాటికి తగిన శాస్తి పేరు పెట్టుకుని మరీ వచ్చిందన్నమాట. ఆ తర్వాత ఆ మనిషి సీరియస్‌గా డైలాగ్ చెప్పినప్పుడల్లా నాకు నవ్వే. రాసినోళ్ళకి ఈ సంగతి తెలిసుండదు పాపం.

మూలం జపాన్‌ది, హరుకా తకాచిహో 1980లో మొదలుపెట్టిన నవలలు, బ్యూటీ పెయిర్ అనే ఆడ రెజ్లింగ్ జోడీని చూసి ఈ పేరు తట్టిందంట. 1985లో టీవీలో కార్టూన్ సీరియల్ కూడా వచ్చింది. ఈ కామిక్ మాత్రం అమెరికాలో టోరెన్ స్మిత్, ఆడమ్ వారెన్ కలిసి రాసింది, బొమ్మలు వారెన్‌వి, 1988లో మొదలైంది. అందుకని జపాన్ బొమ్మల్లాంటి పెద్ద కళ్ళూ, మాటలేమో పక్కా అమెరికన్ వెటకారం, ఈ కలగలుపు నాకు బాగా పట్టింది. నలుపు తెలుపే. ఫైటింగుల్లో గీతలు ఒకదానిమీద ఒకటి పడిపోయి ఎవరి చెయ్యి ఎవరిదో తెలీక రెండుచోట్ల వెనక్కి తిప్పి చూసుకున్నాను. అక్షరాలు కూడా చిన్నవి, మా నాన్న కళ్ళజోడు అరువు తీసుకోవాల్సొచ్చింది.

బట్టల సంగతి చెప్పకపోతే ఎలాగ. అంతరిక్షంలో బాంబులు పేలుతుంటే ఆ బట్టలేటి తల్లీ, మోకాలికైనా గుడ్డ ఉండొద్దా! అది వెక్కిరింపుకే వేసారని అంటారు, నాకు సగం వెక్కిరింపు, సగం ఆశ అనిపించింది. రక్తం కూడా బాగానే పారుతాది, మా పిన్ని కూతురు ఎయిత్ చదువుతోంది, ఇవ్వవా అక్కా అని రోజూ అడుగుతోంది, ఇవ్వను. కాలేజీకి వెళ్ళాక చూద్దాం అన్నాను, అప్పట్నుంచి నాతో మాటల్లేవు.

నాలుగు స్టార్లు. మూడోది, ఎ ప్లేగ్ ఆఫ్ ఏంజెల్స్, ఇంకొకాయన దగ్గర చూసి పెట్టుకున్నాను, ఈసారి కొనకముందే వెనక అట్ట ఫోటో పంపమని అడిగాను, ఇంకా పంపలేదు.